టీ పొడికి వాసన ఎక్కడ వస్తుంది, ఎక్కడ పోతుంది? మా అంగట్లో తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో మాది లూజు టీ పొడి అంగడి. నీలగిరి కొండల్లోని కూనూరు వైపు నుంచి, అస్సాం నుంచి వచ్చే పొడి తెచ్చి, కలిపి, తూచి అమ్ముతాం. ఊళ్లోవాళ్లు, టీ మాస్టర్లు, కొండ దిగి రైలెక్కే ముందు పావుకిలో కట్టించుకుపోయే యాత్రికులు అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. త్రాసు ముందు నిలబడి అందరికీ పూర్తిగా చెప్పడం కుదరడం లేదు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

పోయిన నెల కొన్న పొడే. మొదట్లో ఘుమఘుమలాడింది. ఇప్పుడు ఆ వాసన ఏమైంది?

పోయిన వారం బైరాగిపట్టెడ నుంచి ఒక అక్క డబ్బాతో సహా వచ్చింది. "అన్నా, ఈసారి వేరే పొడి ఇచ్చినావు" అని. స్టీలు డబ్బా, మూత ఊరికే పైన ఆనించి ఉంది. లోపలే చెంచా. ఆ చెంచాకు అంటుకుని పొడి చిన్న చిన్న ఉండలు కట్టింది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే టీ కన్నా ముందు ఇంగువ తగిలింది. అదే మూటలోంచి గుప్పెడు పొడి తీసి ఆమె చేతిలో పోసి వాసన చూడమన్నాను. రెండూ ఒకే రోజు దిగిన సరుకు. ఆమె డబ్బా ఇంట్లో పొయ్యి పైన అరలో, పోపుల పెట్టె పక్కన ఉంటుందట.

జరిగింది ఇది. ఫ్యాక్టరీలోంచి బయటికి వచ్చేటప్పుడు టీ పొడిలో తేమ నూటికి మూడు పాళ్లు, అటూ ఇటూగా ఉంటుంది. అంత ఎండిన పదార్థం గాలిలో ఎక్కడ తడి ఉన్నా లాక్కుంటుంది. పొయ్యి మీద అన్నం ఉడికే ఆవిరి, కూర ఆవిరి, తడి చెంచా, అన్నీ దానికి తడే. తేమ ఆరేడు పాళ్లకు చేరేసరికి పొడి చతికిలబడుతుంది. ఆవిరితోపాటు పోపు వాసన కూడా లోపలికి చేరుతుంది. ఇక టీకి సొంతంగా ఉన్న వాసన సంగతి. అది గాలిలో తేలిగ్గా ఎగిరిపోయే నూనెల లాంటిది. మూత తీసిన ప్రతిసారీ కొంచెం పోతుంది, పొయ్యి వేడి తగిలే కొద్దీ ఇంకా తొందరగా పోతుంది. ఇవన్నీ కలిసి నెల రోజుల్లో మంచి పొడిని మామూలు పొడి చేసేస్తాయి. పొడి మారలేదు, అది కూర్చున్న చోటు దాన్ని మార్చింది.

ఆ వాసన చెట్టు మీద ఆకులోనే ఉంటుందా?

తేయాకు తోటలోకి వెళ్లి పచ్చి ఆకు నలిపి చూడండి. గడ్డి కోసినప్పటి పచ్చి వాసన తప్ప టీ వాసన రాదు. మొదటిసారి చూసినప్పుడు నాకు కొంచెం నిరాశ కలిగింది కూడా.

వాసన ఇచ్చే సరుకు ఆకులో ఉంది, కానీ కట్టేసి ఉంది. చాలా మటుకు చక్కెర అణువులతో ముడిపడి ఉంటుంది కాబట్టి గాలిలోకి రాలేదు. ఆకు వాడినప్పుడు, నలిగినప్పుడు, దానిలోనే ఉండి మార్పులు తెచ్చే ఎంజైములు అనే పదార్థాలు ఆ ముళ్లు విప్పుతాయి. అప్పుడు లినలూల్ బయటపడుతుంది, మల్లెపూల వాసనలో ఉండేది అదే. జెరేనియోల్ బయటపడుతుంది, అది గులాబీలో ఉంటుంది. ఇంకొకటి మిథైల్ శాలిసిలేట్, నొప్పులకు రాసుకునే బామ్‌లో ఘాటుగా తగిలే వాసన. మంచి నీలగిరి టీలోనూ అది సన్నగా తగులుతుంది. ఇలాంటివి టీలో ఇప్పటిదాకా గుర్తించినవి ఆరు వందల పైమాటే.

మన జిల్లా వాళ్లకు మామిడికాయతో చెబితే తొందరగా అర్థమవుతుంది. చెట్టు మీద కోసిన బంగినపల్లి కాయకు పండు వాసన ఉండదు. గడ్డిలో మాగబెడితే వస్తుంది. సరిగ్గా మాగకపోతే కాయ ఎంత మంచిదైనా పులుపే మిగులుతుంది, ఎక్కువ మాగితే కుళ్లు వాసన వస్తుంది. తేయాకు కూడా అంతే. తేడా ఏమిటంటే ఇక్కడ మాగే పని అంతా ఒక్క రోజులో అయిపోతుంది.

ఆ ఒక్క రోజులో ఏం చేస్తారు?

దీనికి జవాబు కొంచెం పొడుగు, ఎందుకంటే టీ మంచిచెడ్డలు చాలావరకు తేలేది ఇక్కడే.

ముందు కోత. మొగ్గ, దాని కింద రెండు లేత ఆకులు. ఇంకా కింది ముదురాకు కలిపే కొద్దీ బరువు పెరుగుతుంది, రుచి తగ్గుతుంది. కోసిన ఆకును సంచిలో కుక్కి ఎండలో వదిలేస్తే లోపల వేడి పుట్టి అక్కడే ఎర్రబడుతుంది. ఆ ఆకుతో ఎంత గొప్ప యంత్రం పెట్టినా డికాషన్‌కు మెరుపు రాదు. అందుకే తోట పక్కనే ఫ్యాక్టరీ ఉంటుంది.

తర్వాత ఆకును వాడబెట్టడం. పొడవాటి తొట్ల మీద వల పరిచి, ఆకు ఆరబోసి, కింది నుంచి ఫ్యాన్లతో గాలి పంపిస్తారు. పచ్చి ఆకులో నూటికి డెబ్బై అయిదు నుంచి ఎనభై పాళ్లు నీళ్లే. పన్నెండు, పద్నాలుగు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు గాలి తగిలాక ఆకు మెత్తబడి, పిడికిట్లో నొక్కితే విరగకుండా ముద్దగా నిలుస్తుంది. రాత్రంతా ఈ పని నడుస్తుంది. తెల్లవారుజామున ఆ గదిలోకి అడుగు పెడితే గడ్డి వాసన పోయి పండ్ల బుట్ట తెరిచినట్టు ఉంటుంది. తొందరపడి వేడిగాలి కొట్టి నాలుగు గంటల్లో ముగిస్తే నీళ్లు పోతాయి కానీ లోపల జరగాల్సిన మార్పు జరగదు. నా దృష్టిలో టీ వాసనకు ఇంతకు మించిన ఘట్టం లేదు.

ఆ తర్వాత నలపడం. ఆకు కణాలు చిట్లి రసం బయటికి వస్తుంది, గాలి తగులుతుంది, ఆకుపచ్చ రంగు రాగి రంగులోకి తిరుగుతుంది. ఈ దశలో కేటెకిన్లు అనే పదార్థాలు ఆక్సిజన్‌తో కలిసి థియాఫ్లావిన్లుగా, థియారుబిగిన్లుగా మారతాయి. మొదటివి కప్పులో బంగారు మెరుపునీ, నాలుక మీద ఆ చురుకునీ ఇస్తాయి. రెండోవి ఎర్ర రంగునీ, నిండుదనాన్నీ ఇస్తాయి. తక్కువసేపు ఉంచితే టీ పచ్చిగా, వగరుగా ఉంటుంది. ఎక్కువసేపు ఉంచితే రంగు ముదురుతుంది కానీ చురుకు చచ్చిపోతుంది. గదిలో వేడి ముప్పై డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. ఎప్పుడు ఆపాలో చెప్పేది గడియారం కన్నా పనివాడి ముక్కు. పచ్చి వాసన పోయి తియ్యటి పండు వాసన ఎగసినప్పుడు ఆపుతారు.

చివరికి వేడిగాలి. నూరు డిగ్రీలు, అంతకు కాస్త అటూ ఇటూ ఉన్న గాలిలో ఇరవై నిమిషాల దాకా ఆరబెడతారు. ఎంజైములు ఆగిపోతాయి, తేమ మూడు పాళ్లకు దిగుతుంది. వేడి ఎక్కువైతే మాడు వాసన, యంత్రంలోకి పొగ చొరబడితే పొగ వాసన, తక్కువైతే నిలవ ఉండని పొడి. నాలుగు, నాలుగున్నర కిలోల పచ్చి ఆకు పోతే ఒక కిలో పొడి మిగులుతుంది.

ఫ్యాక్టరీ వాళ్లు "ఫెర్మెంటేషన్" అంటారు. ఆకును పులియబెడతారా?

లేదు. ఇడ్లీ పిండి పులవడానికి సూక్ష్మజీవులు పని చేస్తాయి, ఇక్కడ వాటి పని లేదు. వంకాయ కోసి నీళ్లలో వేయకపోతే నల్లబడుతుంది కదా, ఆకు ఎర్రబడటం కూడా అదే జాతి మార్పు. పాత అలవాటు కొద్దీ ఆ మాట మిగిలిపోయింది. నిజంగా సూక్ష్మజీవులతో మాగబెట్టే టీ చైనాలోని యునాన్ ప్రాంతంలో చేస్తారు, దాన్ని పుయర్ అంటారు. అది వేరే దారి.

సీటీసీ, ఆర్థడాక్స్ అంటే ఏమిటి? మన టీకి ఏది మంచిది?

సీటీసీ అంటే చిదమడం, చింపడం, చుట్టడం. పళ్లున్న రెండు ఉక్కు రోలర్లు ఎదురెదురుగా వేర్వేరు వేగాలతో తిరుగుతుంటే ఆకు వాటి మధ్య నలిగి చిన్న గుళికలుగా, అంటే గుళ్లుగా వస్తుంది. 1930ల్లో అస్సాంలో మొదలైన పద్ధతి. కణాలన్నీ చిట్లిపోతాయి కాబట్టి ఆకు తొందరగా ఎర్రబడుతుంది, కప్పులో రంగు తొందరగా దిగుతుంది, పాలు పోసినా టీ నిలబడుతుంది. ఆర్థడాక్స్‌లో ఆకును చేత్తో నలిపినట్టు నెమ్మదిగా చుడతారు. రంగు తక్కువ, వాసన ఎక్కువ.

పాలు పోసి అల్లం వేసి తాగేవాళ్లు ఆర్థడాక్స్ కొంటే డబ్బు దండగ. ఆ సన్నటి పూల వాసన పాలల్లో కనిపించకుండా పోతుంది. పాలు లేకుండా తాగేవాళ్లు సీటీసీ కొంటే వగరు. అందుకే నేను ముందు "పాలు పోస్తారా?" అని అడుగుతాను, తర్వాతే ధర చెబుతాను.

డస్టు టీ అంటే ఫ్యాక్టరీ నేల ఊడ్చిన పొడి అంటారు. నిజమేనా?

నిజం కాదు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే దక్షిణాదిలో మనం తాగే టీలో పెద్ద భాగం డస్టే.

ఆరిన పొడిని వేర్వేరు కన్నాల జల్లెళ్ల మీద పోసి జల్లిస్తారు. పెద్ద గుళ్లు, చిన్న గుళ్లు, ఇంకా సన్నవి, అన్నిటికన్నా సన్నది. బియ్యంలో పొడుగు గింజకూ సన్న గింజకూ పేర్లున్నట్టే వీటికీ పేర్లున్నాయి: బీపీ, బీఓపీ, పీఎఫ్, పీడీ, రెడ్ డస్ట్, సూపర్ రెడ్ డస్ట్, సూపర్ ఫైన్ డస్ట్. అవి సైజుకు పెట్టిన పేర్లు, మంచిచెడ్డలకు కాదు. మంచి తోట డస్టు, నాసి తోట పెద్ద గుళ్ల కన్నా ఎక్కువ ధర పలికిన రోజులు చాలా ఉన్నాయి. బస్టాండు దగ్గర టీ మాస్టరుకు నిమిషంలో రంగు దిగాలి, వడగుడ్డలోంచి చిక్కగా రావాలి. అతనికి డస్టే కావాలి.

అయితే సన్న పొడికి ఒక బలహీనత ఉంది. ఎంత సన్నగా ఉంటే గాలి అంత ఎక్కువగా తగులుతుంది. కాబట్టి పెద్ద గుళ్ల కన్నా డస్టు తొందరగా వాసన పోగొట్టుకుంటుంది. డస్టు కొనేవాళ్లు తక్కువ తక్కువగా కొనాలి.

గ్రీన్ టీ వేరే చెట్టుదా?

అదే చెట్టు. కోసిన కొద్దిసేపటికే ఆకును ఆవిరి పట్టి గానీ, వేడి మూకుడులో వేయించి గానీ ఎంజైములను ఆపేస్తారు, అందుకే ఎర్రబడదు. జపాన్‌లో ఆవిరి ఎక్కువ, చైనాలో మూకుడు ఎక్కువ. నిలవ విషయంలో గ్రీన్ టీ మన పొడి కన్నా చాలా సున్నితం.

నీలగిరి మంచిదా, అస్సాం మంచిదా?

అస్సాం మైదానంలో వేడి, వాన ఎక్కువ, ఆకు వెడల్పు. చిక్కదనం, రంగు దాని బలం. నీలగిరి తోటలు వెయ్యి మీటర్ల నుంచి రెండు వేల మీటర్ల పైదాకా ఉంటాయి. చల్లటి చోట నెమ్మదిగా పెరిగిన ఆకులో వాసన బాగా కూడుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచు పడే రోజుల్లో తయారైన నీలగిరి పొడి వస్తే మా అంగట్లో మూట విప్పినప్పుడే తెలిసిపోతుంది.

మేము రెండూ కలుపుతాం. చిత్తూరు వైపు పాలు చిక్కన. ఆ పాలకు ఒక్క నీలగిరి సరిపోదు, ఒక్క అస్సాం వేస్తే వాసన చాలదు. కోతలు మారినప్పుడల్లా పాళ్లు మార్చుకోవాల్సి వస్తుంది.

ఇంట్లో ఏ డబ్బాలో పెట్టాలి?

గాలి, తడి, వెలుతురు, వేడి, పరాయి వాసన, ఈ అయిదూ తగలకూడదు. దానికి ఖరీదైన డబ్బా అక్కర్లేదు. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బా, లేదా లోపల రబ్బరు చుట్టు ఉన్న రేకు డబ్బా చాలు. అద్దాల సీసా చూడ్డానికి బాగుంటుంది కానీ వెలుతురు పడుతుంది. దాన్ని తలుపున్న అరలో పెడితే పర్వాలేదు. పలుచటి ప్లాస్టిక్ డబ్బాలు వద్దు. ముఖ్యంగా ఇంతకు ముందు ధనియాల పొడి, సాంబారు పొడి పోసి ఉన్నవి. ఎన్ని సార్లు కడిగినా ఆ వాసన ప్లాస్టిక్‌లో ఉండిపోతుంది, టీ దాన్ని పట్టేసుకుంటుంది.

డబ్బా నిండుగా ఉంటే మేలు. సగం ఖాళీ డబ్బాలో సగం గాలి ఉంటుంది. నేను ఇంట్లో రెండు డబ్బాలు వాడతాను. పెద్దది వారానికోసారి మాత్రమే తెరుస్తాం. అందులోంచి వారానికి సరిపడా చిన్న డబ్బాలోకి తీసి, రోజూ దాన్నే వాడతాం. చెంచా డబ్బాలో ఉండదు, పక్కన కొక్కేనికి వేలాడుతుంది. మాకు ఈ చిన్న అలవాటు వల్ల కలిగినంత లాభం ఏ ఖరీదైన డబ్బా వల్లా కలగలేదు.

మేము ఇచ్చే కవరులో లోపల వెండిరంగు పొర ఉంటుంది. మీ దగ్గర మంచి డబ్బా లేకపోతే ఆ కవరునే గాలి పిండేసి, మడిచి, క్లిప్పు పెట్టి ఉంచండి. పాత రోజుల్లో టీని చెక్కపెట్టెల్లో లోపల రేకు పొర వేసి పంపేవాళ్లు. ఇప్పుడు పెట్టె పోయి కాగితం మూట వచ్చింది, పొర మాత్రం పోలేదు.

ఫ్రిజ్‌లో పెడితే?

మామూలు టీ పొడికి వద్దు. బయటికి తీయగానే చల్లటి పొడి మీద గాలిలోని తడి చేరుతుంది, లోపల ఉన్నంతసేపూ దోసె పిండి వాసన కూడా చేరుతుంది. ఖరీదైన గ్రీన్ టీ సీలు విప్పని ప్యాకెట్ అయితే పెట్టవచ్చు. తీశాక గది వేడికి వచ్చేదాకా ఆగి విప్పాలి.

పూజ సామాను, మసాలాలు ఉన్న అరలో పెట్టవచ్చా?

పెట్టకండి. మన ఊరికి ఈ ప్రశ్న చాలా అవసరం. ఇక్కడ ప్రతి ఇంట్లో కర్పూరం, అగరుబత్తి, సాంబ్రాణి ఉంటాయి. మా వీధిలోనూ పూజ సామాను అంగళ్లు ఎక్కువ. మేము అంగడి తలుపు వైపు మూటలు పెట్టకపోవడానికి కారణం అదే.

ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన స్వామి ఒకాయన మా దగ్గర అరకిలో పొడి తీసుకుని, లడ్డూ ప్రసాదం సంచిలోనే పెట్టుకుపోయాడు. ఆ రోజు మామూలు కాగితం పొట్లంలోనే కట్టాం. ఇంటికి పోయి ఫోను చేశాడు, టీలో నెయ్యి, యాలకుల వాసన వస్తోందని. ఆయనకు అది బాగానే అనిపించింది, నాకు మాత్రం మనసు నిలవలేదు. అప్పటినుంచి ప్రయాణం మీద పోయేవాళ్లకు రెండు కవర్లు వేసి కట్టి, "లడ్డూ సంచిలో పెట్టొద్దండి" అని చెప్పి ఇస్తున్నాం.

ఈ గుణం చెడ్డదేమీ కాదు. చైనాలో మల్లెపూల టీ చేసేది దీన్ని నమ్ముకునే. మధ్యాహ్నం కోసిన మొగ్గలను టీ ఆకుతో కలిపి రాత్రంతా ఉంచుతారు. మొగ్గ విచ్చుకునే కొద్దీ ఆ వాసనను ఆకు పీల్చుకుంటుంది. తెల్లారి పూలు ఏరేసి, ఆకు ఆరబెట్టి, మళ్లీ కొత్త పూలతో కలుపుతారు. మన అరలో కర్పూరం పక్కన ఉన్న పొడి చేసే పనీ అదే, మనం కోరుకోని వాసనతో.

వానాకాలంలో ఏం జాగ్రత్త తీసుకోవాలి?

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు పారిన సంగతి అందరికీ గుర్తే. ఆ నెలలో నేను ఒక మూట పోగొట్టుకున్నాను. నీళ్లు లోపలికి రాలేదు. మూటను వెనక గదిలో గోడకు ఆనించి, గచ్చు మీద నిలబెట్టాను, అంతే. గోడ చెమ్మ పీల్చింది, మూట గోడ నుంచి పీల్చింది. పది రోజుల తర్వాత మూతి విప్పితే పైన బాగానే ఉంది. చెయ్యి లోపలికి పెట్టి అడుగున ఉన్న పొడి తీస్తే గోరువెచ్చగా, మెత్తగా తగిలింది, పాత పుస్తకాల పెట్టె వాసన కొట్టింది. పైభాగం వేరు చేసి అమ్ముదామా అని ఒక్క క్షణం అనిపించింది. చేయలేదు. మొత్తం పారబోశాను.

ఇప్పుడు మా మూటలన్నీ చెక్క బల్లల మీద, గోడకు జానెడు దూరంలో ఉంటాయి. ఇంట్లో మీరు చేయాల్సింది కూడా ఇంతే. గోడకు తగలనివ్వకండి, సింకు కింద పెట్టకండి, తడి చేత్తో తీయకండి. వాన రోజుల్లో పావుకిలో కన్నా ఎక్కువ కొనకండి. నాకు అమ్మకం తగ్గినా పర్వాలేదు.

మే నెల సంగతి వేరు. నలభై డిగ్రీలు దాటే ఎండలో రేకుల కప్పు కింద వంటగది ఉంటే డబ్బాను కింది అరకు దించండి.

ఎన్నాళ్లు నిలవ ఉంటుంది?

సీలు వేసిన ప్యాకెట్ మీద తేదీ చూసుకోండి. విప్పాక డస్టు నెల రోజుల్లో, గుళ్ల పొడి రెండు నెలల్లో వాడేస్తే అసలు రుచి తెలుస్తుంది. ఆ తర్వాత తాగకూడదని కాదు, వాసన తగ్గుతూ పోతుంది, చురుకు చప్పబడుతుంది. నిలవలో థియాఫ్లావిన్లు నెమ్మదిగా తగ్గిపోతాయి, ఆకులోని కొద్దిపాటి కొవ్వు గాలికి పాడై ముక్క వాసన వస్తుంది.

పుయర్ లాంటి కొన్ని టీలు ఏళ్ల తరబడి దాస్తారు కదా అని అడుగుతారు. అవి దాచడానికే చేసినవి. మన సీటీసీ పొడి దాచితే బాగుపడదు.

పాతబడిన పొడి తాగితే ప్రమాదమా?

పొడిగా ఉండి వాసన మాత్రం తగ్గితే ప్రమాదం లేదు. ముక్కిన వాసన, బూజు, తెల్ల దారాలు, తడి ఉండలు కనిపిస్తే మొత్తం పారేయండి. ఎండలో పెట్టి బాగు చేద్దామని చూడకండి. తడి పోతుంది, బూజు విడిచిపెట్టిన విషం పోదు.

ఎక్కువసేపు మరిగిస్తే స్ట్రాంగ్ అవుతుందా?

వగరవుతుంది. వాసన ఇచ్చే పదార్థాలు ఆవిరితో పైకి పోతాయి, వీధి మొత్తం ఘుమఘుమ, కప్పులో మాత్రం వగరు. టీ కాచేటప్పుడు ఇల్లంతా వాసన వస్తే ఆనందపడతాం, ఆ వచ్చేదంతా కప్పులోంచి పోయేదే.

ముందు నీళ్లు తెర్లనివ్వండి. అల్లం వేసేట్టయితే ఇప్పుడే వేసి రెండు నిమిషాలు మరగనివ్వండి. పచ్చి అల్లంలో పాలను విరిచే ఎంజైము ఉంది, మరిగితే దాని పని అయిపోతుంది. తర్వాత పొడి వేసి మంట తగ్గించి రెండు, మూడు నిమిషాలు ఉంచి, కాగిన పాలు పోసి ఒక్క పొంగు రానిచ్చి దించేయండి. పాలల్లోని ప్రోటీను వగరును పట్టి ఉంచుతుంది, అందుకే పాల టీ నాలుకకు మెత్తగా ఉంటుంది.

మా ఇంట్లో టీ మీద తెట్టు కడుతుంది. పొడిలో కల్తీనా?

ముందు నీళ్లు చూడండి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉంటే టీలోని పదార్థాలతో కలిసి పైన నూనె పొరలాంటి తెట్టు కడుతుంది, రంగు నల్లబడుతుంది, వాసన అణిగిపోతుంది. అదే పొడిని ఒకసారి ఫిల్టరు నీళ్లతో కాచి చూడండి. పొడిని తిట్టుకుంటూ వచ్చిన చాలామంది ఈ ఒక్క పనితో ఊరుకున్నారు.

కల్తీని ఇంట్లో ఎలా పట్టాలి?

వడకట్టే తెల్ల కాగితం మీద చెంచాడు పొడి పరచి, కొన్ని నీళ్లు చిలకరించి కాసేపు ఉంచండి. పొడి తీసేసి, కాగితాన్ని కుళాయి కింద కడిగి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. మంచి పొడి మరక వదలదు. రంగు అద్దిన పొడి, ఒకసారి కాచి ఆరబెట్టి రంగేసిన పొడి నల్లటి గోధుమరంగు మరకలు వదులుతాయి. ఇనుప రజను ఉందేమో అయస్కాంతంతో చూడొచ్చు. రోలర్ల అరుగుదల వల్ల ఒకటో రెండో రేణువులు ఎక్కడైనా రావచ్చు, అయస్కాంతం నిండా అంటుకుంటే మాత్రం అనుమానించాలి.

చన్నీళ్ల గ్లాసులో వేసి రంగు చూడటం కూడా చేస్తారు. సన్న డస్టు చన్నీళ్లలోనూ కాస్త రంగు వదులుతుంది, కాబట్టి దాన్ని బట్టి తొందరపడి ఎవరినీ అనకండి. వేయగానే గబగబా ఎర్రగా దిగితే అప్పుడు ఆలోచించాలి.

అంగట్లో నిలబడి మంచి పొడిని ఎలా గుర్తించాలి?

చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలపండి. గుచ్చుకున్నట్టు, గరగరలాడినట్టు ఉండాలి. మెత్తగా జారితే తడి చేరింది. గుప్పెట్లో పోసుకుని నోటితో ఒక్కసారి వెచ్చటి గాలి ఊది, వెంటనే వాసన చూడండి. ఆ వెచ్చదనానికి లోపలి వాసన పైకి వస్తుంది. టీ వాసనే వస్తే సరే. అట్టపెట్టె వాసన, మాడు వాసన, మసాలా వాసన వస్తే వద్దు. మరీ ఘాటుగా యాలకుల వాసన కొడితే అది పొడిది కాదు, కలిపిన సెంటుది. యాలకులు ఇష్టమైతే ఇంట్లో రెండు దంచి వేసుకోండి.

ఇంకా నమ్మకం కావాలంటే మా దగ్గర చిన్న కప్పుల్లో కాచి చూపిస్తాం. నూరు మిల్లీలీటర్ల తెర్లే నీళ్లకు రెండు గ్రాముల పొడి, ఆరు నిమిషాలు మూత పెట్టి ఉంచాలి. టీ రుచి చూడటానికి అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్న లెక్క ఇదే. పాలూ చక్కెరా లేకుండా రెండు పొడులు పక్కపక్కన పెట్టుకుని తాగితే తేడా తెలియని మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

వాసన పోయిన పొడి ఇంట్లో మిగిలింది. ఏం చేయాలి?

బూజు లేకపోతే దాన్ని పలుచటి గుడ్డలో మూట కట్టి చెప్పుల అరలో గానీ, ఫ్రిజ్‌లో ఒక మూల గానీ పెట్టండి. చుట్టూ ఉన్న వాసన లాగేస్తుంది. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో అలాంటి మూట ఒకటి ఎప్పుడూ ఉంటుంది, నెలకోసారి మారుస్తాం. తీసేసిన పొడిని గులాబీ కుండీలో మట్టితో కలిపేస్తాం.